నాలుగు శాతం నాయనమ్మ

తాను చనిపోయిన సంగతి నాయనమ్మకి మంగళవారం మధ్యాహ్నం తెలిసింది. అప్పుడావిడ స్కూలు చొక్కాల గుట్ట వెనక పీట వేసుకుని, గుండీలకి కాజాలు కుడుతోంది.

చెప్పింది జిరాక్స్ అంకుల్. వీధి మలుపులో ఫొటోకాపీల కొట్టు ఆయనది. భోజనానికి కూడా షట్టరు దించని మనిషి, ఆ రోజు సగం దించి వచ్చి, చెప్పులు గుమ్మం బయటే విడిచి, ఇంటి ముందుగదిలోనే ఉన్న కుట్టు షాపులో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ వాలకం చూడగానే, గుడ్డ అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషను ముందున్న అమ్మాయి కుట్టు సంగతే మరిచిపోయింది. కాలు పెడల్ మీదే ఉండిపోయింది. మిషను చొక్కా చేతిని అంచు దాటించి తన మానాన తాను కుట్టుకుంటూ పోయింది.

"నిన్న మీ అమ్మాయి కాపీలు తీయించుకుంది చెల్లెమ్మా," అన్నాడాయన, కత్తిరింపు బల్ల దగ్గరున్న అమ్మతో. "అచ్చు సరిగ్గా పడిందా లేదా అని చూస్తుంటే కళ్ళబడింది. ఒకే వీధిలో ఉండి కూడా నాకు తెలియలేదు. పెద్దావిడ ఆఖర్లో చాలా బాధపడ్డారట కదా."

అమ్మ నోటినిండా గుండుసూదులున్నాయి. ఆవిడకి కోపం వచ్చినా, ఆశ్చర్యం వేసినా సూదులన్నీ ఒక్కొక్కటే తీసి అయస్కాంతం డబ్బాలో వేస్తే గాని మాట బయటికి రాదు. మొదటి సూది తీస్తుండగానే చొక్కాల గుట్ట వెనక నుంచి ఒక తల పైకి లేచింది.

"ఎవరు నాయనా పోయింది?" అని అడిగింది నాయనమ్మ.

జిరాక్స్ అంకుల్ ఆవిడ వంక చూశాడు, పైకప్పు వంక చూశాడు, మళ్ళీ ఆవిడ వంక చూశాడు. పాపం ఆయనకి అబద్ధం ఆడే అలవాటు లేదు.

"మీరేనండీ," అన్నాడు.

నాయనమ్మ దారాన్ని పక్కపంటితో పుటుక్కున కొరికింది. ముందు పళ్ళు ఊడిపోయాక ఆవిడకి కత్తెర అదే. "ఏం జబ్బుతో పోయానట?"

"అది రెండో పేజీలో ఉన్నట్టుందండీ. నేను అంతదాకా చదవలేదు," అన్నాడాయన. చెప్పులు కుడి ఎడమలు మారిపోయినా చూసుకోకుండా వేసుకుని వెళ్ళిపోయాడు.

అమ్మ సూదులన్నీ తీయడం పూర్తయింది. "ఏం రాశావే?" అంది.

ఇస్త్రీ బల్ల దగ్గర నాన్న పెట్టె పక్కకి పెట్టాడు. అమ్మాయి మిషను ఆపింది. ఇంక దాచడానికి ఏమీ లేదు.

ఆ పిల్ల దూరదేశంలో ఒక చిన్న కాలేజీకి దరఖాస్తు పెట్టింది. లిబరల్ ఆర్ట్స్ కాలేజీ అంటారు వాటిని. అక్కడ ఏం చెబుతారని వీధిలో ఎవరడిగినా నాన్న "అన్నీ" అనేవాడు. అన్నీ చదివి ఏమవుతుంది అని అడిగితే "అది చదివాక తేలుతుందిట" అనేవాడు. అడిగినవాళ్ళు జాలిగా చూసి వెళ్ళిపోయేవారు. అలాంటి కాలేజీల్లో విదేశీ పిల్లలకి సీట్లు తక్కువ. పూర్తి స్కాలర్‌షిప్ ఇస్తే తప్ప గేటు దాకా కూడా వెళ్ళలేని పిల్లలకి మరీ తక్కువ. దరఖాస్తులు దిద్దిపెట్టి ఆ లెక్కలు చెప్పే పెద్దమనిషి ఊళ్ళో ఒకాయన ఉన్నాడు. ఆయన మాటకి ముందో శాతం, వెనకో శాతం తగిలిస్తాడు కాబట్టి వీళ్ళింట్లో ఆయన పేరు శాతాల సారు. నాన్నకి ఆ శాతాలు వాన కబురులాగా అలవాటైపోయాయి. పొద్దున్నే ఇస్త్రీ పెట్టె వేడెక్కేలోపు "ఇవాళ ఎంతట?" అని అడిగేవాడు.

అమ్మాయి మొదట రాసిన వ్యాసం వేరు. నాయనమ్మ తనకి కాజా కుట్టడం నేర్పిన వైనం, బాగా రాకపోతే ఊడదీయించిన వైనం రాసింది. శాతాల సారు చదివి, బాగుంది గాని ఇందులో ఏముంది అన్నాడు. బతికున్న నాయనమ్మ అందరికీ ఉంటుంది, దానికి సీటొచ్చే వీలు మూడు శాతానికి మించి ఉండదు, అదే పోయిందనుకో, ఏడు దాకా లాగొచ్చు అన్నాడు. గడువు ముంచుకొస్తోంది. అమ్మాయి తల ఊపింది. ఆయనే కూర్చుని మార్చేశాడు. అది కాస్తా కాలేజీకి వెళ్ళిపోయింది.

ఇదంతా అమ్మాయి తల దించుకుని, ఒళ్ళో ఉన్న చొక్కా చేతితో మాట్లాడుతున్నట్టుగా చెప్పింది.

నాయనమ్మ వేళ్ళ మీద లెక్క కట్టుకుంది. "మూడు నుంచి ఏడు. అంటే నా చావుకి నాలుగు శాతం."

"అవును నాయనమ్మా."

"అంతేనా?"

నాన్న చల్లబడిపోయిన పెట్టెని ఊరికే చొక్కా మీద అటూ ఇటూ తిప్పాడు.

"సరే, ఎలా పోయానో చదువు," అంది నాయనమ్మ. సూదిలో కొత్త దారం ఎక్కించుకుని మరీ కూర్చుంది.

అమ్మాయి తెలుగులోకి మార్చుకుంటూ చదివింది. ఆసుపత్రి మంచం. కిటికీలోంచి ఎండ. మనవరాలి స్కూలు చొక్కా ఆవిడ చేతిలో ఉంది. అంతవరకూ నాయనమ్మ బాగానే విన్నది, ఎండ దగ్గర కొంచెం తల కూడా ఆడించింది. ఆఖరి కాజా సగం కుట్టి ఉంది, సూది గుడ్డలోనే గుచ్చి ఉంది, ఆ మిగతా సగం నేను పూర్తి చేశాను అన్న చోటికి వచ్చేసరికి ఆవిడ చెయ్యి ఆగింది.

"సగంలోనా?"

"అది సారు రాశారు నాయనమ్మా."

"చంపితే చంపారు, ఎప్పుడో ఒకప్పుడు పోయేదాన్నే. కాజా సగంలో వదిలేసి పోయానని రాస్తారా? నలుగురూ చదివే దాంట్లో?" ఆవిడ చేతిలో చొక్కా ఎత్తి చూపించింది. "నా జన్మలో వదల్లేదు. మీ నాన్న కడుపులో ఉండి నొప్పులు వస్తుంటే కూడా చేతిలో కాజా ముగించి లేచాను."

అమ్మాయికి ఏడుపు వచ్చింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. తిట్లకి సిద్ధపడి ఉంది గాని దీనికి కాదు.

మర్నాడు ముగ్గురూ శాతాల సారు దగ్గరికి వెళ్ళారు. అమ్మాయి, తోడుగా నాన్న, తనని చంపిన మనిషి ఎలా ఉంటాడో చూడాలని నాయనమ్మ.

ఆయన ఆఫీసు పళ్ళ డాక్టరు క్లినిక్కు మీది అంతస్తులో ఉంది. కింద ఎవరో ఒకరు మూలుగుతూనే ఉంటారు, పైన ఆయన మాట్లాడుతూనే ఉంటాడు. గోడనిండా సీట్లు వచ్చిన పిల్లల ఫొటోలున్నాయి. బల్ల మీద కాలిక్యులేటరు తప్ప మరో కాగితం ముక్క కూడా లేదు.

ఆయన తల ఎత్తి, పెద్దావిడ ఎవరని నాన్నని అడిగాడు.

"మీరు పోగొట్టిన మనిషినండీ," అంది నాయనమ్మ, కుర్చీ లాక్కుని కూర్చుంటూ.

శాతాల సారు ఏమాత్రం తడబడలేదు. ఆరోగ్యంగా ఉన్నారు, చాలా సంతోషం అన్నాడు. తరవాత నాన్న వైపు తిరిగి వివరంగా చెప్పాడు. వెళ్ళిపోయిన వ్యాసాన్ని ఇప్పుడు దిద్దడమంటే మేం అబద్ధం ఆడాం అని సంతకం పెట్టి ఇవ్వడమే. దరఖాస్తు తీసి పక్కన పడేస్తారు. ఆయన కాలిక్యులేటరు మీద సున్నా నొక్కి, అందరికీ కనిపించేలా తిప్పి చూపించాడు కూడా. పైగా ఇప్పుడు బంగారం లాంటి అవకాశం ఉంది. ఆ కాలేజీలో చదివిన ఒకావిడ ఈ ఊళ్ళోనే ఉంటుంది, దరఖాస్తు పెట్టిన పిల్లలతో మాట్లాడి కాలేజీకి రాసి పంపిస్తుంది. ఆవిడకి నచ్చితే ఇంకో రెండు శాతం.

"ప్రపంచం మొత్తం నుంచి పిల్లలు వస్తారమ్మా," అన్నాడు నాయనమ్మతో, కొంచెం గొంతు తగ్గించి. "డబ్బు కట్టగలిగిన పిల్లలకి ఒక గుమ్మం. స్కాలర్‌షిప్ కావాలనేవాళ్ళకి ఇంకో గుమ్మం. మనది రెండోది. అది ఇరుకు. మామూలుగా నడిచి వెళ్తే పట్టదు."

నాయనమ్మ కుర్చీ ముందుకి జరుపుకుంది.

"అయితే డబ్బున్న పిల్లల నాయనమ్మలు బతికే ఉండొచ్చా?"

"ఉండొచ్చండీ," అన్నాడు శాతాల సారు.

నాయనమ్మ గోడ పట్టుకుని మెట్లు దిగింది. వీధిలోకి వచ్చాక కొడుకు భుజం పట్టుకుని ఆగింది. "ఆ ఇంటర్వ్యూ ఎంతసేపుంటుందిరా?"

"గంట ఉంటుందేమో అమ్మా."

"గంటే కదా. పోతాను," అంది.

వద్దు నాయనమ్మా అనాలనుకుంది అమ్మాయి. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ కాలేజీ వాళ్ళు పంపిన పుస్తకంలో ఒక బొమ్మ ఉంది. గుండ్రటి బల్ల చుట్టూ పదిమంది పిల్లలు, ఒక టీచరు. టీచరు మాట్లాడటం లేదు, వింటోంది. ఈ పిల్లని ఇన్నేళ్ళ చదువులో ఎంత వచ్చింది అని అడిగినవాళ్ళే గాని, నీకేమనిపిస్తోంది అని అడిగిన పంతులు ఒక్కడు లేడు. ఆ బల్ల దగ్గర ఒక్క కుర్చీ చాలు అనుకుంటూ ఎన్నో రాత్రులు నిద్రపోయింది. అందుకని అనలేదు. అనలేదని తనకి తెలుసు, దారంతా ఆ సంగతి కాలికి రాయిలా గుచ్చుకుంటూనే ఉంది.

ఇంటికి వచ్చేసరికి అమ్మ వెలిగిపోతోంది. ఇంటర్వ్యూ చేసే మేడమ్ ఫోను చేసిందట. శనివారం ఫలానా కాఫీ షాపులో కలుద్దాం అందట. అదేం మాటండీ, మా పిల్లని చూడటానికి వచ్చి బయటెక్కడో కూర్చుంటారా, మా ఇంటికే రండి అని అమ్మ గట్టిగా పిలిచేసిందట. ఆవిడ చాలా సంతోషించిందట.

ముగ్గురూ అమ్మ వంక చూశారు. నాన్న మెల్లగా స్టూలు మీద కూలబడ్డాడు. "ఇంటికా?" అన్నాడు. అప్పుడు గాని అమ్మకి వెలగలేదు. నాలుక కరుచుకుంది.

ఆ సాయంత్రం నాయనమ్మని ఆ గంటసేపు ఎక్కడ పెట్టాలన్నది పెద్ద చర్చ అయింది. జిరాక్స్ అంకుల్ కొట్లో కూర్చోబెడదాం అన్నాడు నాన్న. నాయనమ్మ ఒప్పుకోలేదు. సోమవారానికి స్కూలు చొక్కాలు ఇచ్చేయాలి, కాజాలు కొండంత మిగిలున్నాయి, చచ్చినా పని ఆపడం కుదరదు అంది. ఇక్కడే కూర్చుంటాను, కూలికి కాజాలు కుట్టే మనిషినని చెప్పండి అంది.

అమ్మ మొహం చిన్నబోయింది. "మిమ్మల్ని కూలిమనిషి అని నేనెలా చెప్పను అత్తయ్యా?"

"కూలి ఇవ్వట్లేదన్న మాటే గాని, మిగతాదంతా నిజమేగా," అంది నాయనమ్మ. అమ్మ నవ్వాలో ఏడవాలో తెలియక టేపు మెడలోంచి తీసి చుట్టడం మొదలుపెట్టింది.

శనివారం మేడమ్ చెప్పిన వేళకే వచ్చింది. నెరిసిన జుట్టు, పొట్టి మనిషి, నవ్వు మొహం. గోధుమరంగు చలికోటు విప్పి కుర్చీ వీపుకి తగిలించి, కత్తిరింపు బల్లకి ఒక పక్కన కూర్చుంది. రెండో పక్కన అమ్మాయి కూర్చుంది. అమ్మ టీ, బిస్కెట్లు పెట్టి, పని ఉన్నట్టు లోపలికి వెళ్ళి, పని లేనట్టు మళ్ళీ వచ్చి తలుపు పక్కన నిలబడింది. నాన్న ఇస్త్రీ చేసిన చొక్కానే మళ్ళీ ఇస్త్రీ చేస్తున్నాడు. గుట్ట వెనక కాజాల మనిషి తల వంచుకుని కుడుతోంది.

మేడమ్ ప్రశ్నలు అడిగింది. అమ్మాయి శాతాల సారు నేర్పిన జవాబులన్నీ పొల్లుపోకుండా అప్పజెప్పింది. నాయకత్వం అంది, సమాజానికి తిరిగి ఇవ్వడం అంది. మేడమ్ మొదట్లో చకచకా రాసుకుంది, తరవాత అప్పుడప్పుడూ రాసుకుంది, ఆ తరవాత పెన్ను మూత పెట్టి ఊరికే వింటూ కూర్చుంది. ఆవిడ నవ్వు కొంచెం కొంచెంగా మర్యాద నవ్వుగా మారిపోవడం అమ్మాయి చూస్తూనే ఉంది. తన గొంతు తనకే ఎవరిదో అనిపిస్తోంది.

ఈలోపు కాజాల మనిషి చూపు కోటు మీద పడింది. పై కాజా అంచు చీకిపోయి, పోగులు వేలాడుతున్నాయి. నాయనమ్మ చూసీ చూడనట్టు ఉండటానికి ప్రయత్నించింది. ఒక చొక్కా ముగించింది, మరో చొక్కా అందుకుంది, కోటు వంక చూసింది, ఇంక ఆవిడ వల్ల కాలేదు. లేచి వచ్చి, "ఇలా ఇవ్వండమ్మా, టీ తాగేలోపు అయిపోతుంది," అని కోటు తీసుకుపోయింది. అమ్మ ఆపేలోపే పాత పోగులన్నీ కత్తిరించేసింది.

మేడమ్ ఆ పని చూస్తూ మెత్తబడింది. "మీ నాయనమ్మగారి గురించి చదివానమ్మా," అంది అమ్మాయితో. "చాలా బాధేసింది." తరవాత గుట్ట వైపు తిరిగింది. "మీరు ఆవిడతో కలిసి పనిచేశారా అండీ?"

"చేశానండీ," అంది నాయనమ్మ. "ఇదే పీట మీద."

"ఎలాంటి మనిషి?"

నాయనమ్మ సూదిని జుట్టుకి ఒకసారి రాసి ఆలోచించింది. "మంచి మనిషేనండీ. చెయ్యి తిరిగిన పని. నోరు కాస్త పెద్దదే గాని మనసులో ఏమీ ఉండేది కాదు. కోడలు చవకరకం దారం కొంటే మాత్రం ఊరుకునేది కాదు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ చెప్పీ చెప్పీ అలిసిపోయింది. ఆవిడ పోయాక కూడా అదే దారం కొంటున్నారు, చూడండి, ఎలా చీలిపోతోందో."

తలుపు దగ్గర టీ కప్పు సాసర్లో గలగలలాడింది. నాన్న పెట్టె అక్కడే వదిలేసి, దగ్గు వచ్చినట్టు లోపలికి పారిపోయాడు.

మేడమ్ మాత్రం చాలా శ్రద్ధగా విన్నది. "ఆవిడ కోసం ఒక్క నిమిషం మౌనంగా ఉందామా?" అంది.

అందరూ లేచి నిలబడ్డారు. నాన్న లోపల్నుంచి వచ్చి నిలబడ్డాడు. నాయనమ్మ కూడా కోటు చేత్తో పట్టుకునే లేచింది, మోకాళ్ళు పట్టేయడంతో బల్ల అంచు ఆసరా చేసుకుంది. తల వంచి కళ్ళు మూసుకుంది.

అమ్మాయి కళ్ళు తెరిచింది. ఎదురుగా నాయనమ్మ తన కోసం తానే మౌనంగా నిలబడి ఉంది. సూది భుజం మీది గుడ్డకి గుచ్చి ఉంది. పెదాలు కదులుతున్నాయి, ఆవిడకి ఆవిడే ఏదో మంచి కోరుకుంటున్నట్టుంది. ముందు నవ్వు వచ్చింది. నవ్వు గొంతు దాటకముందే, ఈ గది ఇలాగే ఉండి, ఈ పీట ఇలాగే ఉండి, నిజంగానే అందరూ తల వంచుకుని నిలబడే రోజు ఒకటి కళ్ళముందు కనిపించింది. ఆ రోజుని తను నాలుగు శాతానికి ముందే వాడేసుకుంది. ఇంక ఆగలేకపోయింది.

"మేడమ్, మా నాయనమ్మ పోలేదు. ఈవిడే మా నాయనమ్మ."

మేడమ్ కళ్ళు తెరిచేలోపే నాయనమ్మ తెరిచింది. "పాపం, పిల్లకి ఇంకా దిగులు తీరలేదండీ," అంది చాలా నిదానంగా. "ముసలాళ్ళెవరు కనబడినా నాయనమ్మే అంటుంది."

"నాయనమ్మా, ఊరుకో."

"చూశారా," అంది నాయనమ్మ.

"ఆ వ్యాసం అబద్ధం మేడమ్. నేనే ఒప్పుకున్నాను. ఈవిడే."

"కాదండీ. ఆవిడ పోయింది. నేను చూశాను. ఈ పిల్ల మాట నమ్మి రాయొద్దు, బంగారం లాంటి పిల్ల, దానికి సీటు రావాలి." ఈసారి నాయనమ్మ గొంతు అంత నిదానంగా లేదు. కోటుని గట్టిగా గుండెకి హత్తుకుంది. ఒక మనిషి, తాను బతికే ఉన్నట్టు ఇంకొకరు చెబుతుంటే కాదు కాదని అంత పట్టుదలగా వాదించడం ఆ గదిలో ఎవరూ ఎప్పుడూ చూసి ఉండరు.

మేడమ్ మొహంలో నవ్వు పూర్తిగా పోయింది. పుస్తకం మూసి సంచీలో పెట్టుకుంది. "నా కోటు ఇప్పించండి," అంది.

"ఇవ్వనండీ. కాజా సగంలో ఉంది."

"ఫరవాలేదు, అలాగే ఇచ్చేయండి."

"సగంలో ఇవ్వడం మా ఇంటా వంటా లేదండీ."

"అదేమిటి," అంది మేడమ్ విసుగ్గా. "ఆఖరి కాజా సగంలోనే వదిలేశారని ఆ వ్యాసంలో రాసి ఉందిగా."

నాయనమ్మ మొహం జేవురించింది. "అది ఆ శాతాలాయన కల్పించిన అబద్ధం. నేను ఎప్పుడు వదిలాను? చస్తే చచ్చాను గాని, కాజా పూర్తి చేసే చచ్చాను."

నాయనమ్మ తను అన్నది తనే ఒకసారి మనసులో విని, మెల్లగా పీట మీద కూర్చుంది. అమ్మ రెండు చేతులతోనూ మొహం కప్పుకుంది.

మేడమ్ ఆవిడ వంక, ఆవిడ చేతిలోని కోటు వంక చూసింది. తరవాత సంచీ కింద పెట్టి, కుర్చీలో మళ్ళీ కూర్చుంది. "ఈ ఏడు ఈ ఊళ్ళో నన్ను పిలిచిన ఇళ్ళలో ఇది నాలుగోది," అంది. "ముందు మూడిళ్ళలోనూ ఇంతే. ఒకరికి తాతయ్య, ఇద్దరికి అమ్మమ్మలు. ఊళ్ళో పెద్దవాళ్ళకి ఏదో అంటుకుందేమో అనుకున్నాను. అన్ని ఇళ్ళలోనూ ఒక్క నిమిషం మౌనంగా ఉందామన్నాను. ఎవరూ కళ్ళు తెరవలేదు."

అలా అని దీన్ని మరిచిపోలేను అని కూడా చెప్పింది. చూసింది చూసినట్టు రాయడమే తన పని. సోమవారం రాస్తుంది. ఈలోపు అమ్మాయే కాలేజీకి జరిగింది జరిగినట్టు రాసుకుంటే అది అమ్మాయి ఇష్టం. వాళ్ళు ఏమంటారో తనకి తెలియదు, తీసి అవతల పడేసినా పడేయొచ్చు, తనని ఏమీ అడగొద్దంది. అమ్మాయి తల ఊపింది. ఈసారి ఎందుకు ఊపుతోందో తనకి బాగా తెలుసు.

కోటు ఇంకా నాయనమ్మ చేతిలోనే ఉంది. లేచి వెళ్ళిపోదామంటే బయట చలి. మేడమ్ ఊరికే కూర్చోలేక, ప్రతి కుట్టుకీ ఆ ముడి ఎందుకు వేస్తున్నారని అడిగింది. అమ్మాయి చెప్పింది. గుడ్డకి కోత పెట్టాక అది చిరగడానికే చూస్తుందని, ముడులన్నీ పక్కపక్కన చేరి దాని అంచుకి గోడ కడతాయని చెప్పింది. చెబుతూ చెబుతూ, గుండీ ముందు పుట్టిందా కాజా ముందు పుట్టిందా అని తనకి చిన్నప్పటి నుంచీ అనుమానమని కూడా చెప్పింది. బాగున్న గుడ్డకి చేతులారా చిల్లు పెట్టాలని ఎవరికి తోచి ఉంటుంది, పెట్టినప్పుడు వాళ్ళమ్మ తిట్టి ఉండదా అంది. మేడమ్ నవ్వింది. గుండీయే ముందు, అలంకారానికి కుట్టుకుని ఉంటారు అంది. అలా అని ఎలా అనగలరు అని అమ్మాయి అడ్డుపడింది. ఇద్దరూ వాదించుకున్నారు. మధ్యలో నాయనమ్మ సూది ఎత్తి, ముందు పుట్టింది చలి అని తేల్చేసింది. మేడమ్ తల ఊపుతూ, అమ్మాయి వైపు తిరిగింది.

"మరి నీకేమనిపిస్తోంది?" అంది.

అమ్మాయి కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకుంది. తరవాత చాలాసేపు మాట్లాడింది. కోటు పూర్తయి మడత పెట్టి బల్ల మీద ఉన్నా మేడమ్ వెంటనే లేవలేదు.

ఆదివారమంతా కూర్చుని అమ్మాయి కాలేజీకి ఉత్తరం రాసింది. నేను అబద్ధం పంపాను, మా నాయనమ్మ బతికే ఉంది, ఇదిగో నేను మొదట రాసినది అని రాసి, కాజాల వ్యాసం జత చేసింది. పంపేముందు ఇంట్లో అందరికీ చెప్పింది. పంపమని గాని వద్దని గాని ఎవరూ అనలేదు. నాన్న మాత్రం వచ్చి వెనక నిలబడి, పిల్ల పంపే బటను నొక్కేదాకా నిలబడి, తరవాత వెళ్ళి ఇస్త్రీ పెట్టె స్విచ్చి వేశాడు.

సోమవారం శాతాల సారు ఫోనులో చాలాసేపు అరిచాడు. చేతులారా సున్నా చేసుకున్నారన్నాడు. ఆయన అరుస్తున్నంతసేపూ అమ్మ ఫోను బల్ల మీద పెట్టి, స్కూలువాళ్ళ చొక్కాలు కట్టలు కట్టింది.

కాలేజీ నుంచి జవాబు గురువారం వచ్చింది. పెద్దదేమీ కాదు. నిజం చెప్పినందుకు మంచిది, పాత వ్యాసం తీసేసి కొత్తది పెట్టుకున్నాం, మిగతా అందరితో పాటే చదువుతాం, ఎలాంటి హామీ ఇవ్వలేం అని ఉంది. నాన్న దాన్ని ఫోనులో శాతాల సారుకి చదివి వినిపించాడు. అవతల కాలిక్యులేటరు టకటకలాడింది. మూడు శాతం అన్నాడాయన, ఇష్టం లేకుండానే.

"మూడట," అన్నాడు నాన్న ఫోను పెట్టేసి. "ఇంత చేసీ మళ్ళీ మొదటికే వచ్చాం."

"మొదట్లో నేను బతికే ఉన్నాగా," అంది నాయనమ్మ, తల ఎత్తకుండా.

అమ్మాయి సొరుగులోంచి ఆ పాత కాపీలు తీసింది. చింపబోతుంటే నాయనమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉంచవే. చెప్పుకోకూడదు గాని ఆయన బాగానే రాశాడు. ఆ కిటికీలో ఎండ దగ్గర నాకే ఏడుపొచ్చింది. నువ్వు అక్కడుంటావో, ఇక్కడుంటావో, ఎప్పుడో ఒకప్పుడు నీకు కావాల్సొస్తుంది." సూది గుడ్డలో గుచ్చి ఆగింది. "ఆ కాజా సంగతి ఒక్కటీ దిద్ది పెట్టు."

అమ్మాయి కాగితాలు పట్టుకుని అలాగే నిలబడింది. తనకి అది ఎప్పటికీ అక్కర్లేదని చెప్పబోయి మానేసింది. ఆవిడ పక్కనే నేల మీద కూర్చుని, అమ్మ గీతలు గీసే సుద్దముక్క తీసి చూసి, అది పనికిరాదని పెన్సిలు తెచ్చుకుంది. రెండో పేజీలో ఆ వాక్యం వెతికి, దాని మీద అడ్డంగా గీత కొట్టి, పైన తెలుగులో రాసింది.

"ఏం రాశావు?"

"పూర్తి చేసింది అని."

"ఆఁ," అంది నాయనమ్మ. దారాన్ని పక్కపంటితో కొరికి, ఆ చొక్కా అవతల పెట్టి, ఇంకో చొక్కా అందుకుంది. "ఈ సూదిలోకి కాస్త దారం ఎక్కించి పెట్టు."